తోట పాఠాలు రాసే తమ్ముడికి

సిగ్నెట్, టాస్మేనియా
3 అక్టోబరు 1971

ప్రియమైన ఏవిస్ అక్కకు,

పాపకు నిన్నటితో మూడు వారాలు నిండాయి. అమ్మ పేరే పెట్టాం, ఈడిత్ అని. అచ్చం మన ఇంటి గడ్డమే. ఆపరేషన్ చేసి తీయాల్సి వచ్చిందని ముందే రాశాను కదా, ఇప్పుడు తల్లీబిడ్డా క్షేమం. కోరల్ కొంచెం మందకొడిగా ఉంటోంది, చిన్న విషయాలకు కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది. అదంతా మామూలేనని డాక్టరు చెప్పాడు.

ఇక అసలు సంగతి. మా వారపత్రిక ఎడిటర్ గారు నన్ను పిలిచి, "పాస్కో మాస్టారూ, మీ పెరటి తోట గురించి ఊరంతా చెప్పుకుంటున్నారు, పైగా ఇంట్లో పసిబిడ్డ. రెండూ కలిపి వారం వారం ఏదైనా రాయకూడదూ?" అన్నారు. "ఊయలా తోటా" అని పేరు పెట్టాను. మొదటి రెండు వ్యాసాలు కత్తిరించి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. రెండో దానిలో చివరి పేరా చూడు. "విత్తనాన్ని మరీ లోతుగా పాతితే మొలవదు, మరీ పైపైన చల్లితే పిట్టలు తింటాయి. బిడ్డపై ప్రేమ కూడా అంతే, సరైన లోతులో నాటాలి." హెడ్మాస్టరు గారు దీన్ని స్కూలు అసెంబ్లీలో చదివి వినిపించారు.

ఈ ఏడాది సిల్వర్‌బీట్ ఆకులు నా మోచేయంత పొడుగు వచ్చాయి. బఠానీలు కంచె దాటాయి. క్యాబేజీలో రెండు రకాలు వేశాం. కిటికీ దగ్గర అద్దం కింద టమాటా నారు ఇరవై నాలుగు మొక్కలు సిద్ధంగా ఉన్నాయి, వ్యవసాయ షో సెలవు రోజున నాటేస్తాం. అప్పటిదాకా మంచు పడకుండా ఉంటే చాలు.

ఈ పిల్లా, ఈ మట్టీ కలిసి నాకు నేర్పుతున్నంత పాఠం పద్ధెనిమిదేళ్ళ మాస్టరీ నేర్పలేదు. నీ అభిప్రాయం రాయి.

నీ తమ్ముడు
లిండ్సే

*

స్టాన్లీ
12 అక్టోబరు

ఒరే లిండ్సే,

అభిప్రాయం అడిగావు కాబట్టి రాస్తున్నాను. అడక్కపోయినా రాసేదాన్నే.

నీ వ్యాసాలు రెండూ చదివాను. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో నా పక్క కుర్చీలో కూర్చునే డాట్‌కు కూడా చదివి వినిపించాను. ఆవిడ నలుగురు పిల్లల్ని కని పెంచిన మనిషి. "సరైన లోతులో నాటాలి" దగ్గరికి వచ్చేసరికి హెడ్‌ఫోను తీసి పక్కన పెట్టి, "ఈయనకు పిల్ల పుట్టి ఎన్నేళ్ళయింది?" అంది. మూడు వారాలన్నాను. ఆ తర్వాత పావుగంట సేపు స్మిత్‌టన్ నుంచి వచ్చిన కాల్ ఒక్కటీ కలపలేకపోయాం, ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం.

మూడు వారాల తండ్రివి. అప్పుడే లోకానికి పాఠాలు. పాప ఏం తెలుసుకుందో గానీ, నీకు మాత్రం అన్నీ తెలిసిపోయాయి. సంతోషం.

మాస్టారివి కాబట్టి నీ ఉత్తరాన్ని నీ పద్ధతిలోనే దిద్దాను. కోరల్‌కు రెండు వాక్యాలు. సిల్వర్‌బీట్‌కు, బఠానీకి, క్యాబేజీకి, టమాటాకు, నీ హెడ్మాస్టరు గారి మెప్పుకు మిగతా కాగితమంతా. కడుపు కోసి బిడ్డను తీయించుకున్న మనిషి నీకు "మందకొడిగా" కనిపించిందా? నిన్ను అలా కోసి, మర్నాటి నుంచి గుక్కపట్టే బిడ్డను చేతికిచ్చి చూడాలి. నువ్వెంత చురుగ్గా ఉంటావో ఊరంతా చూస్తుంది, పత్రికలో కూడా వేయొచ్చు.

నాకు కావలసినవి మూడే. కోరల్ కుట్లు మానాయా? వంట ఎవరు చేస్తున్నారు? పాప గుడ్డలు ఎవరు ఉతుకుతున్నారు? మూడింటికీ జవాబు రాయి. మధ్యలో క్యాబేజీ రావడానికి వీల్లేదు.

పేరు సంగతి. అమ్మ పేరు పెట్టావు. సరే.

ఇక్కడ మామూలే, గాలి. సముద్రపు నాచు తెచ్చి బంగాళాదుంపల మళ్ళలో పరిచాను. దానివల్ల నాకు ఏ పాఠమూ అందలేదు, నడుం మాత్రం పట్టేసింది.

ఏవిస్

*

సిగ్నెట్
31 అక్టోబరు

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం చదివి బాధపడ్డాను. అయినా నువ్వింతే. చిన్నప్పటి నుంచీ నేను ఏది చూపించినా ముందు నవ్వి తర్వాత చూస్తావు. ఇక్కడ మాత్రం జనం వేరేలా అనుకుంటున్నారు. పోయిన వారం పోస్టాఫీసు ముందు ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "మా మనవరాళ్ళకు మీ వ్యాసాలు దాచి పెడుతున్నాను మాస్టారూ" అంది.

షో సెలవు రోజున టమాటాలు నాటేశాం. ఇరవై నాలుగూ నిలబడ్డాయి. కర్రలు పాతి, పాత మేజోళ్ళ పేలికలతో కట్టాం. క్యాబేజీకి తెల్ల సీతాకోకచిలుక పట్టింది గానీ, పొద్దున పది గంటల ఎండలో ఆకు తిప్పి చూసి పురుగులను చేత్తో ఏరేస్తే సరిపోతోంది. ఈ వారం వ్యాసం దాని మీదే. "మరీ ముద్దు చేసిన నారు కాండం బలవదు. గాలికి వదిలితేనే నిలబడుతుంది. బిడ్డ ఏడ్చినప్పుడల్లా ఎత్తుకునే తల్లులు ఇది గమనించాలి." మేం పాపకు నాలుగు గంటలకొకసారి మాత్రమే పాలు పడుతున్నాం, గడియారం చూసి. మొదట్లో కోరల్ ఒప్పుకోలేదు. ఇప్పుడు ఏమీ అనడం లేదు.

ఆమె గురించి అడిగావు. బాగానే ఉంది. పెరట్లో తిరుగుతోంది. బాలింతకు గాలీ వెలుతురూ మంచివని పుస్తకంలో ఉంది. మొన్న ఒక తమాషా జరిగింది, విను. నీళ్ళ గొట్టం పట్టుకుని బఠానీ మళ్ళ దగ్గర నిలబడిందట, అలాగే నిలబడిపోయిందట. నీళ్ళు మళ్ళు దాటి, వాకిలి దాటి, రోడ్డు మీదికి పారుతున్నాయి. పక్కింటాయన వచ్చి కుళాయి కట్టేశాడు. "అమ్మా, ఏం ఆలోచిస్తున్నారు?" అంటే, "ఏమీ లేదు" అందట. సాయంత్రం నేను వచ్చేసరికి చెప్పుల్లో నీళ్ళతోనే వంట చేస్తోంది! కవయిత్రిని పెళ్ళి చేసుకున్నానేమో అని ఆటపట్టించాను.

నీ నడుం జాగ్రత్త. నాచు కడిగి వేయి, ఉప్పు తగ్గుతుంది.

లిండ్సే

*

స్టాన్లీ
7 నవంబరు

లిండ్సే,

నాకు నాచు వేయడం నేర్పుతున్నావు. నీకు గోచీ కట్టి నడక నేర్పిందాన్ని నేను.

ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నీ వ్యాసాలు అన్నీ ముందేసుకుని మళ్ళీ చదివాను. నువ్వు పొద్దున ఎనిమిదిన్నరకు బడికి వెళ్తావు, సాయంత్రం నాలుగున్నరకు వస్తావు. వ్యాసంలో పది గంటలకు పురుగులు ఏరుతున్నావు. పదకొండింటికి కలుపు తీస్తున్నావు. రెండింటికి నీడ గుడ్డలు కడుతున్నావు. గొప్పవాడివే, ఏకకాలంలో భూగోళం చెబుతూ క్యాబేజీ తిప్పుతున్నావు. "నాటాం", "కట్టాం", "ఏరేస్తున్నాం". ఎవరురా ఈ "మేం"? ఆ మాటలో నీ వంతు ఎంత? నీ వంతు పెన్ను. మిగతాదంతా కోరల్. కుట్లు పచ్చిగా ఉన్న మనిషి చేత మళ్ళు తవ్వించి, నీళ్ళు మోయించి, ఆ చెమటకు కింద నీ పేరు పెట్టి అచ్చేయిస్తున్నావు. అందరూ నీ చెయ్యి పట్టుకుని మెచ్చుకుంటున్నారు. ఆ చేతికి మట్టి అంటిందేమో ఎవరైనా చూశారా?

గొట్టం సంగతి తమాషా అని రాశావు. నాకు నవ్వు రాలేదు. డాట్‌కు చదివి వినిపించలేదు. చెప్పుల్లో నీళ్ళు పెట్టుకుని గంటల తరబడి తెలియకుండా ఉన్న ఆడమనిషిని చూసి ఆటపట్టించావు. నీకు సిగ్గనేది ఉంటే ఇది చదివేటప్పుడైనా రావాలి.

"ఇప్పుడు ఏమీ అనడం లేదు" అని కూడా రాశావు. అది నీకు గెలుపులా కనిపించింది కదూ? మనిషి మాట్లాడటం మానేస్తే అది ఒప్పుకోవడం కాదు.

ఏం చేయాలో చెబుతున్నాను. గడియారం గోడకు తిప్పి పెట్టు. పాప ఏడిస్తే పాలు పట్టమను. వంట నువ్వు చేయి, గుడ్డలు నువ్వు ఉతుకు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు, ఆ మామూలేనన్న డాక్టరు కాదు, ఇంకొకరు. తోట ఎండిపోతే ఎండిపోనీ. చేతకాకపోతే ఇద్దరినీ నా దగ్గరికి పంపు.

ఇందులో మడిచి అతికించిన కాగితం ఒకటి ఉంది. అది కోరల్‌కు. విప్పకుండా ఇవ్వు.

ఏవిస్

*

సిగ్నెట్
21 నవంబరు

అక్కా,

నీ భాష హద్దు దాటుతోంది. నేను ముప్ఫై తొమ్మిదేళ్ళవాణ్ణి, ఊళ్ళో నాకొక గౌరవం ఉంది.

నువ్వు పంపిన కాగితం కోరల్‌కు ఇవ్వలేదు. ఇప్పుడిప్పుడే కుదుటపడుతోంది, నీ మాటలు చదివితే కలత పడుతుంది. ఆమె చాలా ప్రశాంతంగా ఉంది. నేను ఏది చెప్పినా సరేనంటోంది.

డిసెంబరు నాలుగు, శనివారం, మహిళా సంఘంవాళ్ళు పద్ధెనిమిది మంది మా తోట చూడటానికి వస్తున్నారు. ఎడిటర్ గారు ఫొటో తీయిస్తున్నారు. కోరల్ టీలోకి స్కోన్ రొట్టెలు చేస్తోంది. టమాటాలు నా నడుం దాకా వచ్చాయి, కింది గుత్తుల్లో పిందెలు పడ్డాయి. ఇంత శుభసమయంలో ఇలాంటి ఉత్తరాలు రాయొద్దు.

ఇంకొక్క మాట, మనసులో పెట్టుకోవద్దు. నీకు పెళ్ళి కాలేదు, పిల్లలు లేరు. బాలింత ఉన్న ఇల్లు ఎలా ఉంటుందో నీకెలా తెలుస్తుంది?

లిండ్సే

*

సిగ్నెట్
5 డిసెంబరు

ప్రియమైన అక్కకు,

నిన్న మహిళా సంఘంవాళ్ళ రాక చక్కగా జరిగింది. దురదృష్టం ఏమిటంటే, ముందురోజు రాత్రి చెట్ల మీది పాసమ్‌లు దిగి టమాటాలను కొంత పాడు చేశాయి. అయినా అందరూ బఠానీలను మెచ్చుకున్నారు.

కోరల్ కొన్నాళ్ళు మార్పు కోసం హోబార్ట్‌లో తన పెద్దమ్మ కూతురింటికి వెళ్ళింది. పాపను కూడా తీసుకెళ్ళింది. అంతా ముందే అనుకున్నదే. నాకు రాసుకోవడానికి కొంత తీరిక దొరికింది.

నీ మీద నాకు కోపం లేదు.

లిండ్సే

*

స్టాన్లీ
7 డిసెంబరు

లిండ్సే,

నీ ఉత్తరం మధ్యాహ్నం టపాలో వచ్చింది. కోరల్ అప్పుడు నా వంటగదిలో కూర్చుని ఉడికించిన దుంపలు తింటోంది. విప్పి, చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాను. "ఎవరు రాశారు వదినా?" అంది. "ఎవరో కథలు రాసుకునేవాడు" అన్నాను.

శనివారం సాయంత్రం మూడు బస్సులు మారి వచ్చి దిగింది. కోటు గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకుంది. చంకలో ఆపిల్ పళ్ళ పెట్టె, అందులో నీ కూతురు, శుభ్రంగా, కడుపు నిండి, నిద్రపోతూ. ఆ పెట్టె అడుగున దుప్పటి ఎంత పొందిగ్గా పరిచిందో చూస్తే ఏడుపొచ్చింది. తనకని ఒక్క జాకెట్టైనా తెచ్చుకోలేదు.

గుమ్మంలోనే నిలబడి చెప్పింది. "వదినా, నేను మొక్కలన్నీ పీకేశాను."

"ఏ మొక్కలమ్మా?"

"టమాటాలు. పొద్దున ఆయన క్రికెట్ మ్యాచికి వెళ్ళగానే. ఒక్కొక్కటే పీకాను. ఇరవై నాలుగు. పీకుతుంటే హాయిగా ఉంది. ఆఖరిది పీకి లేచి చూస్తే పాప ఏడుస్తోంది, ఎంతసేపటి నుంచి ఏడుస్తోందో తెలియలేదు. నా చేతుల్ని చూసుకుంటే భయమేసింది. ఈ చేతులు ఇంకేం పీకుతాయోనని."

"అప్పుడేం చేశావు?"

"చేతులు కడుక్కుని పాలిచ్చాను. పెట్టెలో పడుకోబెట్టి బస్సెక్కాను."

"మంచి పని చేశావు. లోపలికి రా" అన్నాను. ఇంకేం అనను?

నీ పాసమ్ ఇదిగో, ఇక్కడుంది. నిద్రలేక కళ్ళ చుట్టూ నల్లచారలు తప్ప పాసమ్ లక్షణాలేవీ లేవు.

నేను పంపిన కాగితం నీ బల్ల సొరుగులో, కత్తిరించి దాచుకున్న వ్యాసాల మధ్య దొరికిందట. అందులో రాసింది ఇంతే: "నువ్వు చెడ్డదానివి కాదు, జబ్బు చేసింది. బస్సెక్కి వచ్చేయి." నువ్వు మూడు వారాలు దాచిపెట్టిన కలత ఇదే.

శనివారమే నీకు ఫోను చేయగలిగేదాన్ని, ఊళ్ళో ఫోనులన్నీ నా చేతిలోనే ఉన్నాయి. చేయలేదు. పెళ్ళాం బిడ్డలు కనపడకపోతే మాస్టారు ఏం చేస్తారో చూద్దామనుకున్నాను. హోబార్ట్‌లో ఆ పెద్దమ్మ కూతురికి నేనే ఫోను చేశాను. నువ్వు ఆవిడను అడగనే లేదు! అడిగితే ఊళ్ళో తెలిసిపోతుందని కాబోలు. నీ ఆలూ బిడ్డా ఎక్కడున్నారో తెలియకుండా కూర్చుని, "తీరిక దొరికింది" అని రాశావు. నాన్న కూడా ఇంత నీచానికి దిగలేదు, ఆయనకు రాయడం రాదు కాబట్టి.

నాకెలా తెలుస్తుందని అడిగావు. చెబుతాను. ముప్ఫై తొమ్మిదేళ్ళుగా చెప్పలేదు.

నువ్వు పుట్టాక అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. ఛాతీ జబ్బు కాదు. అది నాన్న ఊరికి చెప్పిన మాట, తర్వాత నీకూ చెప్పాం. నువ్వు ఏడిస్తే ఆమెకు వినపడేది కాదు. వినపడినప్పుడు చెవులు మూసుకునేది. నాన్నకు ఆ ఏడాది ఉల్లిపాయల పిచ్చి. షోలో కప్పు గెలవాలి. "గాలి తగిలితే అదే సర్దుకుంటుంది" అని ఆమెను లేపి ఉల్లి మళ్ళలో కలుపు తీయించేవాడు, వానలో కూడా. నువ్వు చదివిన ఆ పుస్తకం ఆయన చదవలేదు, అయినా అవే మాటలు. ఒక రోజు నేను బడి నుంచి వచ్చేసరికి రెండు సాళ్ళ మధ్య బురదలో పడుకుని ఉంది. పడిపోలేదు, పడుకుంది. "ఇక్కడ బావుంది ఏవీ, నన్ను లేపకు" అంది. బండిలో తీసుకెళ్ళి పిచ్చాసుపత్రిలో పెట్టారు. పద్నాలుగు నెలలు. నాన్నకు కప్పు వచ్చింది. ఫొటోలో ఆయన పక్కన నిన్ను ఎత్తుకుని నిలబడింది నేనే. నాకు పదమూడేళ్ళు. క్లాసులో మొదటిదాన్ని. ఆ వారమే బడి మానేశాను. డబ్బా పాలు కలిపి నిన్ను పెంచాను. బాలింత ఉన్న ఇల్లు నాకు తెలుసు. ఆ ఇంట్లో బిడ్డవి నువ్వే.

ఇక్కడికి రావద్దు. నేను చెప్పేదాకా రావద్దు.

ఏవిస్

*

సిగ్నెట్
13 డిసెంబరు

అక్కా,

ఐదు రోజులుగా రాయాలని కూర్చుంటున్నాను.

అబద్ధాలు రాశాను. మహిళా సంఘంవాళ్ళు పద్ధెనిమిది మందీ ఆ గుంటల ముందు నిలబడిపోయారు. పీకిన మొక్కలు వరసగా, చక్కగా పేర్చి ఉన్నాయి. పాసమ్ అలా పేర్చదని వాళ్ళందరికీ తెలుసు. అయినా నేను పాసమ్ అన్నాను. ఒకావిడ నా వైపు చూసి, "మీ ఆవిడ ఎక్కడ మాస్టారూ?" అంది. స్కోన్లు చేస్తోందన్నాను. వంటింట్లో పొయ్యి కూడా వెలిగించి లేదు.

కోరల్‌ను ఏమీ అడగను. నిన్ను ఒక్కటే అడుగుతాను. అమ్మ నన్ను ఎప్పుడైనా ఎత్తుకుందా?

లిండ్సే

*

స్టాన్లీ
18 డిసెంబరు

లిండ్సే,

ఇన్నాళ్ళకు ఒక ఉత్తరం రాశావు. ఇంతకు ముందువి కాగితానికి చేటు.

ఎత్తుకుంది. ఆమె తిరిగి వచ్చేసరికి నువ్వు పరుగులు పెడుతున్నావు. కొత్త మనిషిని చూసి నా గౌను వెనక దాక్కున్నావు. ఆమె నిన్ను పిలవలేదు. చేతులు చాపలేదు. కోటైనా విప్పకుండా వంటింటి నేల మీద కూర్చుంది. నేను పోసిన టీ చల్లారిపోయింది. నాన్న, "ఏమిటా కూర్చోవడం, కుర్చీ లేదా?" అన్నాడు. చాలాసేపటికి నువ్వే వెళ్ళి ఆమె కోటు గుండీ పట్టుకుని లాగావు. అప్పుడు ఎత్తుకుంది. చీకటి పడేదాకా దించలేదు. నేను కొట్టం వెనక్కి వెళ్ళి ఏడ్చాను. సంతోషంతో కాదు, కోపంతో. అప్పటిదాకా నువ్వు నావాడివి.

నువ్వెరిగిన అమ్మ మాటలు తక్కువ మనిషి. నువ్వు పన్నెండేళ్ళవాడివై ఆమె పోయేదాకా ఒక్క రోజు కూడా నిన్ను ముట్టుకోకుండా పడుకోలేదు. అది నీకు గుర్తుండే ఉంటుంది. ఎందుకో మాత్రం ఇప్పుడే తెలిసింది.

కోరల్‌కు ఇక్కడి డాక్టరమ్మ మందిస్తోంది. కుర్రది, కానీ వినే మనిషి. గంటసేపు విన్నది. "ఇది జబ్బు, తగ్గుతుంది, తొందరపెట్టకండి" అంది. పగలంతా నిద్రపోతోంది. నేను ఎక్స్ఛేంజికి వెళ్ళినప్పుడు డాట్ వచ్చి పాపను చూసుకుంటోంది. పాప ఏడిస్తే ఎత్తుకుంటున్నాం, ఆకలేస్తే పాలు. కాండం బలవకపోతే నీకు రాస్తాను.

నిన్న మేక ఒకటి కంచె దూకి నా దుంప మళ్ళన్నీ తొక్కింది. నేను కర్రతో తరుముతూ నాచు మీద జారి కూర్చున్నాను. కోరల్ కిటికీలోంచి చూసి నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తప్పు చేసినదానిలా. ఆ నవ్వు కోసం ఇంకో మేకను కొంటాను.

క్రిస్‌మస్‌కు రావద్దు. ఆమె అడిగినప్పుడు రా.

ఏవిస్

*

సిగ్నెట్
16 జనవరి 1972

అక్కకు,

బడికి సెలవులు కాబట్టి రోజంతా ఇంట్లోనే ఉన్నాను. కోరల్ ఒక్క రోజులో చేసే పనులన్నీ కాగితం మీద రాసుకుని, నేను చేసి చూశాను. పాప లేకుండానే. మధ్యాహ్నానికి కూర్చుండిపోయాను. పాప ఉన్నట్టు, కుట్లు ఉన్నట్టు ఊహించుకుంటే ఆ కాగితం చూడలేకపోయాను.

క్యాబేజీలు పురుగులపాలయ్యాయి. బఠానీలు ఎండిపోయాయి. ఏది ఎప్పుడు కోయాలో, ఏ మడికి ఎన్ని నీళ్ళో నాకు తెలియదు. పక్కింటాయన్ని అడిగితే, "ఆ సంగతులన్నీ మీ ఆవిడకే తెలుసు కదా మాస్టారూ, నేనే ఆమెను అడిగేవాణ్ణి" అన్నాడు. ఆ మాట వ్యంగ్యం కాదు. ఆయనకు వ్యంగ్యం రాదు. అందుకే ఎక్కువ తగిలింది.

చివరి వ్యాసం ఒకటి రాశాను. తోట నాది కాదని, నా భార్యదని, ఆమెకు జబ్బు చేస్తే నేను గుర్తించలేదని, పాసమ్ రాలేదని. ఎడిటర్ గారు చదివి తిరిగి ఇచ్చేశారు. "పాఠకులు మనసుకు ఆహ్లాదంగా ఉండేవి కోరుకుంటారండీ" అన్నారు. అప్పుడు మహిళా సంఘం కార్యదర్శి ఇంటికి వెళ్ళి నోటితోనే చెప్పాను. "మా రెండోవాడు పుట్టాక నేనూ అలాగే ఉన్నాను. మా ఆయనకు ఇప్పటికీ తెలియదు" అంది. తర్వాత నాకు టీ ఇచ్చింది.

కోరల్ నన్ను చూడాలనుకుంటే వస్తాను. వద్దనుకుంటే రాను. ఉద్యోగం మళ్ళీ చేయాలనుందా అని అడుగు. అటవీ శాఖలో పాప కడుపులో పడేదాకా ఆమె పటాలు గీసిన చోటు ఇంకా ఖాళీగానే ఉందట, కనుక్కున్నాను. పాపను ఎవరు చూసుకోవాలో మేం ఇద్దరం కూర్చుని తేల్చుకుంటాం. ఇద్దరం అని రాస్తున్నప్పుడు చెయ్యి ఆగింది. ఆ మాట అనే హక్కు నాకింకా వచ్చిందో లేదో.

లిండ్సే

*

స్టాన్లీ
20 ఫిబ్రవరి

లిండ్సే,

నువ్వు వచ్చి వెళ్ళి రెండు వారాలైంది. ఆ మూడు రోజులూ నువ్వు నోరు మూసుకుని గుడ్డలు ఉతకడం చూసి డాట్, "ఈయనేనా ఆయన?" అంది. ఎవరినో అద్దెకు తెచ్చామన్నాను.

కోరల్ వస్తానంటోంది. నేను పంపడం లేదు, తనే వస్తోంది. ఈ తేడా గుర్తుంచుకో. మందు ఇంకో ఆరు నెలలు వాడాలి. మధ్యలో చెడ్డ రోజులు వస్తాయి. అప్పుడు కారణాలు వెతకకు, గుడ్డలుతికే తొట్టి పక్కన కూర్చో. ఈస్టర్ తర్వాత ఉద్యోగానికి వెళ్తానంది, వారానికి మూడు రోజులు. పెరడు సంగతి అడిగితే, "గడ్డి పెరగనీ వదినా, పడుకోవడానికి బావుంటుంది" అంది. ఆ మాటకు ఉల్లి మళ్ళలో పడుకున్న అమ్మ కళ్ళ ముందు మెదిలింది. నా మొహం చూసి తనే, "అలా కాదు వదినా! పాపను పడుకోబెట్టుకుని ఆడించడానికి" అని నవ్వేసింది. ఈసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

గురువారం సాయంత్రం ఐదింటి బస్సు. స్టాండు దగ్గర ముందే ఉండు. పూలు తేవద్దు. ప్రసంగం తేవద్దు. దిగగానే పాప మీదికి ఉరకొద్దు. ముందు కోరల్ చేతిలో సంచి అందుకో. పాపను ఆమె ఇస్తే అప్పుడు ఎత్తుకో. ఇవ్వకపోతే ఊరికే పక్కన నడువు.

నీ మీద నాకున్న చులకన పూర్తిగా పోయిందనుకోకు. కొంత ఉంచుకున్నాను, అవసరం పడుతుంది.

ఈ పాప నన్ను చూసి చేతులు చాపడం నేర్చుకుంది. నా జన్మలో రెండోసారి, ఒక పసిబిడ్డను పెంచి తల్లికి అప్పజెబుతున్నాను. ఈసారి కొట్టం వెనక్కి వెళ్ళే పని లేదు, యాభై రెండేళ్ళు వచ్చాయి, వంటింట్లోనే కూర్చుని ఏడుస్తాను.

నువ్వు ఇన్ని ఉత్తరాలు రాశావు. ఒక్కదానిలోనూ "అక్కా, నువ్వెలా ఉన్నావు?" అని అడగలేదు. మళ్ళీ రాసేటప్పుడు అడుగు. జవాబు పెద్దదే ఉంది.

ఏవిస్